నెల పట్టిన నాటి నుంచి కనుమ దాకా: పిల్లలతో వాకిట్లో చేయించే పండగ పనులు

డిసెంబరు 16 వచ్చేసరికి సూర్యుడు ధనూరాశిలోకి వెళ్తాడు. కోస్తా ఊళ్లలో దాన్నే 'నెల పట్టడం' అంటారు. ఆ రోజు మొదలు భోగి దాకా నాలుగు వారాలు, ఆపైన మూడు రోజుల పండగ. చాలా బడుల్లో ఇంత నెలనూ ఒక్క పూటకు కుదించేస్తారు. ఆడపిల్లలకు లంగా ఓణీ, మగపిల్లలకు పంచె, మధ్యలో రంగు కాగితాల భోగిమంట, చివర్లో ఒక ఫొటో. పిల్లల చేతికి పని ఏదీ ఇవ్వలేదు కాబట్టి వాళ్లకు గుర్తుండేదీ ఏమీ ఉండదు. పాఠం చెప్పక్కర్లేదు, పని అప్పగిస్తే చాలు. చుక్కలు లెక్కపెట్టడం, నీడ కొలవడం, పువ్వు ఎంచడం, బియ్యం కొలవడం అన్నీ ఈ పండగలో ముందునుంచీ ఉన్నవే.

ఇక్కడి పనులు నాలుగేళ్ల నుంచి పన్నెండేళ్ల పిల్లలకు సరిపోతాయి. కావలసినవి తక్కువే: ఒక నోటు పుస్తకం, మీటరు పొడవు తిన్నని కర్ర, కొలబద్ద, గోడకు తగిలించే ఉష్ణమాపకం, నూలు తాడు, ముగ్గుపిండి.

ముందు సామెతలు రాయించండి

నోటు పుస్తకం మొదటి పేజీలో చలికాలం సామెతలు రాయించండి. 'మార్గశిరాన మాట్లాడ పొద్దుండదు', 'పుష్యాన పూస గుచ్చ పొద్దుండదు', 'మాఘాన మాకులు వణుకుతాయి', 'శివరాత్రికి శివశివా అంటూ చలి పోతుంది'. ఇంటింటికీ మాట కొంచెం మారుతుంది. అమ్మమ్మనో నాయనమ్మనో అడిగి, ఆవిడ ఎలా అంటే అలాగే రాయమనండి, పుస్తకాల భాషలోకి దిద్దొద్దు.

రాశాక పిల్లల్ని ఒక ప్రశ్న అడగండి: ఇందులో పొద్దు గురించి చెప్పినవి ఏవి, చలి గురించి చెప్పినవి ఏవి? మొదటి రెండూ పొద్దువి, తర్వాతి రెండూ చలివి. పొద్దు తక్కువయ్యే నెల ఒకటి, చలి ముదిరే నెల మరొకటి అని సామెతలే చెబుతున్నాయన్నమాట. అది నిజమో కాదో ఈ నెలలో కొలిచి తేల్చాలి. పిల్లలకు ఇదే ఆట. పెద్దవాళ్ల మాటను పరీక్షించవచ్చు అంటే వాళ్లకు ఎక్కడలేని ఉత్సాహం వస్తుంది.

పొద్దు కొలవడం: మీటరు కర్ర నీడ

చదునైన చోట, మధ్యాహ్నం రెండు గంటల పాటు ఎండ తగిలేలా కర్రను నిలువుగా పాతండి. మేడ మీదైతే ఇసుక నింపిన బకెట్‌లో నిలబెట్టవచ్చు. అప్పుడు బకెట్ అంచు నుంచి కాదు, కర్ర మొదలు నుంచే కొలవాలి. నేల మట్టానికి పైన మీటరు ఉండాలి, ఇసుకలో దిగిన భాగం లెక్కలోకి రాదు. అందుకే బకెట్ నిండా ఇసుక పోసి, నీడ పడేచోట అంతే ఎత్తున ఒక బల్ల వేసుకోవాలి. ఇంత తతంగం వద్దనుకుంటే పెరట్లో పాతడమే మేలు.

కర్ర నిలువుగా ఉందా లేదా అన్నది దారానికి రాయి కట్టి, కొస దగ్గర నుంచి వేలాడదీసి చూడండి. రెండు వైపుల నుంచి చూడాలి. ఒక వైపు నుంచి చూస్తే తిన్నగా కనిపించే కర్ర రెండో వైపు వంగి ఉంటుంది, లెక్కలు చెడేది ఎక్కువగా ఇక్కడే.

నీడ అన్నిటికంటే పొట్టిగా ఉండేది గడియారంలో పన్నెండింటికి కాదు. హైదరాబాద్‌లో డిసెంబరు 21న సుమారు 12:14కి, జనవరి 14న 12:25కి. విజయవాడలో ఆ రెండు రోజుల్లోనూ దానికి ఎనిమిది నిమిషాలు ముందు. విశాఖపట్నంలో 11:55, 12:06. అంచేత 11:45 నుంచి 12:45 దాకా పది నిమిషాలకోసారి నీడ కొస దగ్గర సుద్దముక్కతో గుర్తు పెట్టించండి. గుర్తుల్లో కర్రకు దగ్గరగా ఉన్నదే ఆ రోజు కొలత. కర్ర మొదలు నుంచి ఆ గుర్తుకు గీత గీస్తే అది సరిగ్గా ఉత్తరం చూపిస్తుంది, దిక్సూచి అక్కర్లేదు.

నీడ కొస మసకగా ఉండి పిల్లలు తలో చోటా గుర్తు పెడతారు. సూర్యుడు చుక్క కాదు, బింబం, అందుకే అంచు మసకబారుతుంది. కర్ర కొసకు చిన్న నిమ్మకాయ గుచ్చి, పండు నీడ మధ్యన గుర్తు పెట్టమంటే తగాదా తీరుతుంది. నిమ్మకాయ నడిమికి మీటరు ఎత్తు ఉండేలా చూసుకోండి.

హైదరాబాద్‌లో రావలసిన కొలతలు ఇంచుమించు ఇవి: డిసెంబరు 21న 86 సెంటీమీటర్లు, జనవరి 14న 80, ఫిబ్రవరి 14న 59, మార్చి 21న 31. విజయవాడలో మొదటి రెండూ 84, 78. రెండు మూడు సెంటీమీటర్ల తేడా వస్తే కంగారు పడొద్దు, పది వస్తే కర్ర వాలింది.

రోజూ కొలిపించకండి. డిసెంబరు 21 తర్వాత వారానికి నీడ అర సెంటీమీటరు కూడా మారదు, పిల్లలకు విసుగొచ్చి వదిలేస్తారు. వారానికోసారి, ఆదివారం చాలు. జనవరి 14 తర్వాతి వారంలో మూడున్నర సెంటీమీటర్లకు పైగా తగ్గుతుంది. ఆ మార్పు కంటితో చూడగానే వాళ్లే అరుస్తారు.

ఎనిమిదేళ్లు దాటినవాళ్లు ఇక్కడ ఒక మంచి ప్రశ్న వేస్తారు. నీడ డిసెంబరు 21, 22 తేదీల్లోనే వెనక్కి మళ్లింది కదా, ఉత్తరాయణం సంక్రాంతికని ఎందుకంటారు? దాటవేయకండి. సుమారు 1,700 ఏళ్ల క్రితం ఆ రెండూ ఒకే రోజున వచ్చేవి. తిరుగుతున్న బొంగరం తల ఊపినట్టు భూమి అక్షం కూడా చాలా మెల్లగా ఊగుతుంది. దానివల్ల 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున రెండింటికీ ఎడం పెరుగుతూ వచ్చింది. ఇప్పుడు ఆ ఎడం మూడు వారాలు దాటింది. సంక్రాంతి అంటే సూర్యుడు మకరరాశిలో ప్రవేశించడం, నీడ వెనక్కి మళ్లడం వేరే సంగతి. బొంగరాన్ని నేల మీద వేసి, వేగం తగ్గాక అది తల ఊపడం చూపించండి.

ఇక చలి. ఉష్ణమాపకాన్ని నీడలో, గాలి ఆడేచోట, మీ ఛాతీ ఎత్తున తగిలించండి. ఎండ తగిలిన గోడకు ఆనిస్తే గోడ వేడిని చూపిస్తుంది. ఉదయం ఆరింటికి ఒకసారి రాస్తే చాలు. పొద్దు పెరగడం మొదలైనా ఇంకొన్ని వారాలు చలి తగ్గదు. నేల పగలు పుచ్చుకునే వేడి కంటే రాత్రి పోగొట్టుకునేదే ఇంకా ఎక్కువగా ఉంటుంది మరి. మాఘంలో మాకులు నిజంగా వణికాయా అన్నది మీ ఊరిని బట్టి ఉంటుంది. ఆదిలాబాద్ వైపు పది డిగ్రీల లోపుకు పడిపోయే రోజుల్లో కూడా విశాఖ తీరంలో సముద్రం పుణ్యమా అని అంత చలి ఉండదు. రెండు ఊళ్ల పిల్లలు అంకెలు ఫోన్లో చెప్పుకుంటే ఇంకా బాగుంటుంది.

ముగ్గు: నేర్చుకోవలసినది ఇక్కడే ఎక్కువ

రథం ముగ్గు, నెమళ్ల ముగ్గు పిల్లలచేత వేయించాలని చూడకండి. చివరికి పెద్దవాళ్లు వేస్తే పిల్లలు రంగులు నింపుతారు, అంతే. చిన్న చుక్కల ముగ్గు మొత్తం వాళ్లే వేయాలి.

పిండి సంగతి ముందు. బజారులో దొరికే తెల్ల ముగ్గుపిండి రాతి పొడి. కంట్లో పడితే మండుతుంది, దుమ్ము పీల్చడం మంచిది కాదు. చిన్నపిల్లలకు బియ్యప్పిండే ఇవ్వండి. మరీ మెత్తటి పిండి వేళ్ల మధ్య ముద్దకడుతుంది, సన్నరవ్వలా విసిరిన పిండి చక్కగా జారుతుంది. తడి చేత్తో పిండి ముట్టుకుంటే ఆ పూటకు గీత రాదు, కాబట్టి పక్కనే పొడిగుడ్డ పెట్టండి. పిండిని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని, నేలకు రెండు మూడు అంగుళాల ఎత్తు నుంచి జారవిడవాలి. పిల్లలు వేళ్లను నేలకు ఆనించి రాస్తారు, అప్పుడు గీత తెగి తెగి వస్తుంది.

కళ్ళాపి చల్లిన వెంటనే వేయకూడదు. నీళ్లు ఇంకి, నేల రంగు ముదురుగా ఉండి, చేతికి తడి అంటకుండా ఉన్నప్పుడు మొదలుపెట్టాలి. మరీ తడిగా ఉంటే పిండి కరిగి గీత పాకుతుంది, పూర్తిగా ఆరితే గాలికి లేచిపోతుంది. సిమెంటు నేల అయితే తడిగుడ్డతో తుడిచి అయిదు నిమిషాలు ఆగండి.

చుక్కలు వంకర పోకుండా ఉండేందుకు ముళ్ల తాడు చేసుకోండి. నూలు తాడుకు 8 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున ఏడు ముళ్లు వేయండి. ఇద్దరు పిల్లలు రెండు కొసలూ పట్టుకుంటే మూడోవాళ్లు ప్రతి ముడి దగ్గరా చుక్క పెడతారు. వరస మారినప్పుడు తాడును పక్కకు జరపకుండా తిన్నగా పైకి తెస్తే ఎదురు చుక్క. సగం దూరం, అంటే 4 సెంటీమీటర్లు పక్కకు జరిపితే సందు చుక్క. సందు చుక్కకు వరసల మధ్య దూరం 8 కాదు, 7 సెంటీమీటర్లు ఉంచాలి. ఎనిమిదే ఉంచితే ముగ్గు నిలువుగా సాగినట్టు కనిపిస్తుంది. పైనుంచి మొదలుపెట్టొద్దు. అన్నిటికంటే పొడవైన నడిమి వరస ముందు పెట్టి, తర్వాత పైకి, ఆ తర్వాత కిందికి వెళ్లాలి. అంచు నుంచి మొదలుపెట్టిన ముగ్గు గుమ్మానికో కాలువకో తగిలి ఆగిపోతుంది.

నాలుగైదేళ్లవాళ్లకు 5 చుక్కలు, 3 వరకు సందు చుక్క. ఆరేడేళ్లవాళ్లకు 7 చుక్కలు, 4 వరకు. గీతలు గీయకముందే 'మొత్తం ఎన్ని చుక్కలు?' అని అడగండి. ఊహించమనండి, తర్వాత లెక్కపెట్టమనండి. 7 నుంచి 4 వరకు అయితే నడిమి 7, పైనా కిందా 6, 5, 4 చొప్పున, మొత్తం 37. పైవరసకూ కిందివరసకూ జోడు ఉందని తెలిస్తే లెక్క సగం అవుతుంది. పెద్దపిల్లలకు ఇంకో ముడి వేయండి: 15 చుక్కలు, 8 వరకు సందు చుక్క ముగ్గుకు ఎక్కువ చుక్కలు పడతాయా, 13 చుక్కలు 13 వరసల ముగ్గుకా? ఇల్లంతా పందేలు కాస్తారు. రెండింటికీ సరిగ్గా 169.

తీత ముగ్గులు, కొన్నిచోట్ల మెలికల ముగ్గులు అంటారు, మరీ మంచి ఆట. ఇందులో గీత చుక్కను తాకదు, చుట్టి పోతుంది. పలక మీద ఎదురు చుక్కలు 2 వరసలు, వరసకు 3 చొప్పున పెట్టించండి. గీత పక్కపక్క చుక్కల సందులోంచి ఏటవాలుగా దూరాలి, అంచుకు రాగానే బయటి చుక్కను చుట్టి లోపలికి మళ్లాలి, మొదలైన చోటికే తిరిగి రావాలి. రెండు గీతలు కలిసే కూడలిలో పక్కకు తిరగకూడదు, తిన్నగా దాటిపోవాలి. పిల్లలు తప్పేది ఈ కూడలి దగ్గరే. వేలితో ముందు గాల్లో ఒకసారి తిప్పించి, ఆ తర్వాత గీయించండి.

2×3 ముగ్గు ఒకే గీతతో పూర్తవుతుంది. 3×4 కూడా అంతే. 3×3 వేస్తే మొదటి గీత తిరిగి వచ్చేసరికి ఇంకా ఖాళీలు మిగులుతాయి, మొత్తం మూడు గీతలు కావాలి. 4×6కు రెండు. ఎన్ని గీతలు పడతాయన్నది ఆ రెండు అంకెల గ.సా.భా., అంటే రెండింటినీ శేషం లేకుండా భాగించే వాటిలో అన్నిటికంటే పెద్ద అంకె. బడిలో ఆ పాఠం ఇంకా రానివాళ్లు కూడా అయిదారు ముగ్గులు వేశాక కిటుకు పట్టేస్తారు. వాళ్లు పట్టేదాకా మీరు నోరు విప్పకండి. రంగు సుద్దలతో ఒక్కో గీతకు ఒక్కో రంగు వాడితే లెక్క తప్పదు.

గొబ్బెమ్మలు, గుమ్మడి పూలు

ఆవుపేడ తాజాగా, గట్టిగా ఉండాలి. జారుగా ఉంటే నిలవదు, రెండు గంటలు ఆరనివ్వండి. కమలాపండంత ముద్ద ఒకటి, నిమ్మకాయంత ముద్దలు నాలుగు చేసి ముగ్గు నడుమ పెట్టి, పసుపు కుంకుమ అద్ది, పైన పువ్వు గుచ్చాలి. చేతి మీద గాయం ఉన్న పిల్లలను పేడ పనికి దూరంగా ఉంచండి, మిగతావాళ్లు తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. అపార్ట్‌మెంట్‌లో పేడ దొరక్కపోతే బంకమట్టితో చేయవచ్చు, తప్పేమీ లేదు.

పువ్వు కోసే పని పిల్లలకే ఇవ్వండి, కానీ నేర్పి ఇవ్వండి. గుమ్మడి తీగకు మగపూలు, ఆడపూలు వేరువేరుగా పూస్తాయి. సన్నటి పొడవాటి కాడ మీద ఉన్నది మగపువ్వు. పువ్వు కింద చిన్న పిందె ఉంటే ఆడపువ్వు. మగపూలే కోయాలి. తెలియక ఆడపూలు కోసేస్తే ఆ తీగకు కాయలుండవు. మగపూలు కూడా అన్నీ కోయకుండా కొన్ని వదలాలి, పుప్పొడి వాటి నుంచే రావాలి కదా. పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని పొద్దెక్కేసరికి వాడిపోతుంది, కాబట్టి పొద్దున్నే కోయించండి.

మర్నాడు ఆ గొబ్బెమ్మలను తీసి పిడకలు చేయాలి. అరచేయంత వెడల్పు, ఒక సెంటీమీటరు మందం, నడిమిన వేలితో చిల్లు. చలికాలం ఎండలో ఎండడానికి వారం పది రోజులు పడుతుంది. రెండో రోజుకు అంచులు గట్టిపడ్డాక తిరగేయాలి. మందంగా చేస్తే లోపల పచ్చిగా ఉండి భోగిమంటలో పొగ వస్తుంది, పలచగా చేస్తే తీసేటప్పుడు విరుగుతుంది. కాబట్టి భోగి వారం రోజుల్లో ఉందనగా కొత్తవి చేయడం ఆపి, ఆరినవాటిని దండ గుచ్చించండి.

హరిదాసు ఆట

హరిదాసు తల మీద పాత్ర పెట్టుకుని, చిడతలు వాయిస్తూ కీర్తనలు పాడతాడే తప్ప ఎవరితోనూ మాట్లాడడు. బియ్యం వేయించుకోవడానికి వంగుతాడు, పాత్ర మాత్రం దించడు. ఇదే ఆట నియమం. తల మీద గుడ్డ చుట్టకుదురు పెట్టి, దాని మీద తేలికపాటి స్టీలు గిన్నె. వీధి చివరి దాకా నడవాలి, ఎవరు పలకరించినా బదులు చెప్పకూడదు, గిన్నె పట్టుకోకూడదు. ప్రతి ఇంటి ముందూ మోకాలి మీద కూర్చుని పిడికెడు బియ్యం వేయించుకోవాలి. ఇత్తడి పాత్ర ఇవ్వొద్దు, బరువుకు మెడ నొప్పి పుడుతుంది.

ఆట అయ్యాక బియ్యం కొలిపించండి. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. కుంచానికి ఎన్ని గిద్దెలు? 64. సోల ఇంట్లో లేకపోతే ఒక గ్లాసును గిద్దె అనుకుని ఆడండి. ఎవరి పిడికిలితో ఎన్నింటికి గిద్దె నిండిందో రాస్తే అయిదేళ్లవాడి పిడికిలికీ నాన్న పిడికిలికీ తేడా తెలుస్తుంది. బజారులో అందరికీ ఒకటే కొలత ఎందుకు కావాలో దాంతో చెప్పొచ్చు.

నిజం హరిదాసు, గంగిరెద్దులవాళ్లు, బుడబుక్కలవాళ్లు వచ్చినప్పుడు ఫోన్ ఎత్తి వీడియో తీయడంతో సరిపెట్టొద్దు. పిల్లలచేత చాటలో బియ్యం ఇప్పించండి. అది వాళ్ల జీవనం. రాత్రి ఆ రోజు వచ్చినవాళ్ల మీద పొడుపు కథ కట్టమనండి. పేరు చెప్పకూడదు, రెండు ఆనవాళ్లు నిజమైనవి, ఒకటి తికమక పెట్టేది. 'పాడతాడు గానీ పలకడు, గిన్నె ఉంది గానీ చేత లేదు' లాంటివి వాళ్లే కడతారు.

భోగిపళ్లు

ఒక బిడ్డకు అర కిలో చిన్న రేగిపళ్లు, గుప్పెడు నానబెట్టిన శనగలు, రెండు బంతిపూల రేకలు, అంగుళం చెరకు ముక్కలు కొన్ని, కడిగి తుడిచిన చిల్లర నాణేలు. బజారులో దొరికే పెద్ద రేగిపళ్లు వద్దు, తల మీద పడితే దెబ్బ తగులుతుంది. చెరకు ముక్కల పెచ్చు తీసేయాలి. మూడేళ్ల లోపు పిల్లలకు శనగలు, నాణేలు, రేగిపళ్లు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది. వాళ్లకు పూలరేకలు ఎక్కువ, పళ్లు నాలుగైదు మాత్రమే పోసి, పాటలు ఆపకముందే చాప దులిపేయండి. అన్నయ్య, అక్కయ్యలకు ఏరే పని అప్పగించి, దొరికినవి రకం వారీగా లెక్క చెప్పమనండి.

రేగి గింజలు పారేయొద్దు. పెంకు గట్టిది, నేరుగా నాటితే వారాల తరబడి మొలవదు. ఒక రోజు నీళ్లలో నానబెట్టి, పెద్దవాళ్లు పెంకును జాగ్రత్తగా చిట్లించి లోపలి పలుకును తీసి ఇస్తే, పిల్లలు రెండు సెంటీమీటర్ల లోతున నాటవచ్చు. పెంకుతో ఒకటి, పెంకు లేకుండా ఒకటి రెండు కుండీల్లో వేసి ఏది ముందు మొలుస్తుందో రాయించండి. పలుకు నలిగితే కుళ్లిపోతుంది, అందుకే అయిదారు వేయండి.

విదేశాల్లో ఉన్న పిల్లలకు

వాకిలి లేకపోయినా కర్ర నీడ ఉంటుంది. డిసెంబరు 21న హైదరాబాద్‌లో 86 సెంటీమీటర్లు పడే నీడ డాలస్‌లో మీటరున్నర, న్యూజెర్సీలో రెండు మీటర్లకు కొంచెం పైన, లండన్‌లో మూడున్నర మీటర్లు దాటుతుంది. లండన్‌లో ఆ పూట ఎండ కాస్తుందని హామీ లేదు, కాబట్టి అటూ ఇటూ ఓ వారం వదులు పెట్టుకోండి. మెల్‌బోర్న్‌లో అయితే పాతిక సెంటీమీటర్లే, అదీ దక్షిణానికి పడుతుంది, అక్కడ సంక్రాంతి నడివేసవిలో వస్తుంది. తాతగారు ఊళ్లో కొలిచిన అంకె, మనవరాలు అక్కడ కొలిచిన అంకె పక్కపక్కన రాసుకోవాలి. ఇద్దరూ గడియారం చూడకుండా, ఎవరి చోట నీడ పొట్టిగా ఉన్నప్పుడు వాళ్లు కొలవాలి. కర్రలు రెండూ సరిగ్గా మీటరే ఉండాలి. ఒకరు అడుగుల్లో, ఒకరు మీటర్లలో కొలిస్తే ఇక లెక్క కుదరదు.